బోనులోంచి బయటికి వచ్చి రాయమ్మా

అమ్మాయికి,

అస్సలాము అలైకుమ్.

ఇస్లాం, మానవ హక్కులు, ప్రపంచ శాంతి మీద నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. ఆగి ఆగి చదివాను. భాష చక్కగా ఉంది, కష్టపడి చదివావని తెలుస్తోంది. సంక్రాంతి ప్రత్యేక సంచికకి పంపే ముందు నా అభిప్రాయం చెప్పమన్నావు కాబట్టి దాచకుండా చెబుతాను.

మొదటి వాక్యం నుంచీ నువ్వు బోనులో నిలబడి మాట్లాడుతున్నావు. "ఇస్లాం హింసను బోధించదు", "ఇస్లాం స్త్రీని కించపరచదు", "ఇస్లాం ఇతర మతాలను ద్వేషించదు". ఎవరో నిలదీస్తుంటే సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టుంది. కాలేజీలో, బస్సులో, వాట్సాప్ గ్రూపుల్లో నీకు ఎదురయ్యే ప్రశ్నలు నాకు తెలియనివి కావు. ఆ టెన్షన్ నీ వాక్యాల్లోకి ఎలా వచ్చిందో కూడా అర్థమైంది. కానీ సంజాయిషీగా రాసింది చదివి ఎవరూ మనసు మార్చుకోరు. అనుమానంతో చదివేవాళ్ళకి ఆ అనుమానం అలాగే ఉంటుంది. మనవాళ్ళకి కాసేపు తృప్తిగా ఉంటుంది, అంతే.

హక్కుల గురించి రాసేటప్పుడు హక్కు పోగొట్టుకున్న మనిషి దగ్గర మొదలుపెట్టు. మతం పేరు తర్వాత వస్తుంది. నువ్వు నాలుగో పేజీలో ఒక్క ముక్కలో దాటేసిన హిల్ఫుల్ ఫుదూల్ అనే ప్రమాణం సంగతే చూడు. నా మటుకు నీ వ్యాసమంతటికీ ప్రాణం అక్కడే ఉంది.

అప్పటికి ముహమ్మద్ ప్రవక్త గారికి దైవవాణి ఇంకా రాలేదు, యువకుడు. యెమెన్ వైపు నుంచి ఒక వర్తకుడు మక్కాకి సరుకు తెచ్చాడు. మక్కాలో పెత్తనం చేసే ఖురైష్ తెగ పెద్దల్లో ఒకడైన ఆస్ ఇబ్న్ వాయిల్ ఆ సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టాడు. వర్తకుడికి ఆ ఊళ్ళో తెగ లేదు, అండ లేదు. తెగ లేనివాడికి ఆ రోజుల్లో న్యాయం కూడా లేదు. అతను కొండెక్కి, కాబా దగ్గర కూర్చున్న పెద్దలందరికీ వినపడేలా తన గోడు చెప్పుకున్నాడు. అప్పుడు కొన్ని వంశాల వాళ్ళు అబ్దుల్లా ఇబ్న్ జుద్ఆన్ ఇంట్లో కూడి ప్రమాణం చేశారు. మక్కాలో అన్యాయమైపోయినవాడు ఊరివాడైనా, పొరుగువాడైనా, అతని సొమ్ము అతనికి దక్కేదాకా మేమంతా అతని పక్షాన ఉంటాం అని. ఆ ఇంట్లో ముహమ్మద్ గారు కూడా ఉన్నారు. ప్రవక్త అయిన తర్వాత కూడా ఆ ఒప్పందాన్ని తలుచుకుని, ఇస్లాంలో ఉండగా ఇప్పుడు పిలిచినా వెళ్తానన్నారు.

ఆ ప్రమాణం చేసినవాళ్ళెవరూ అప్పటికి ముస్లింలు కారు. వాళ్ళు నిలబడింది పేరు కూడా సరిగా తెలియని ఒక పరదేశి కోసం. దీన్ని ఒక్క ముక్కలో దాటేస్తే ఎలాగమ్మా?

ఆ వర్తకుడు ఈరోజు మన కోనసీమలోనే ఉన్నాడు, ఆడమనిషి రూపంలో. రాజోలు, అమలాపురం, నరసాపురం వైపు ఏ వీధికి వెళ్ళినా గల్ఫ్ వెళ్ళొచ్చిన ఇల్లు ఒకటి కనబడుతుంది. మా వీధిలో ఒకావిడ ఖద్దామా వీసా మీద, అంటే ఇంటి పనిమనిషిగా, కువైట్ వెళ్ళొచ్చింది. బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తీసి చూపించింది. పాస్‌పోర్టు జిరాక్సు, ఏజెంటు రాసిచ్చిన చీటీ, ఒక చిన్న డైరీ. డైరీలో నెలల పేర్లు వరసగా రాసుకుంది. జీతం అందిన నెల పక్కన టిక్కు, అందని నెల పక్కన ఖాళీ. చివరి పేజీల్లో ఒక్క టిక్కూ లేదు. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర, ఫోను మామా (ఇంటి యజమానురాలు) దగ్గర ఉండిపోతే ఎవరికి చెప్పుకుంటుంది?

కువైట్‌లో ఇంటి పనివాళ్ళ కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికో సెలవు, రోజుకి 12 గంటలకు మించని పని, ఏటా జీతంతో కూడిన సెలవు అందులో ఉన్నాయి. పాస్‌పోర్టు లాక్కోకూడదనీ ఉంది. ఖతార్ 2020లో, యజమాని ఒప్పుకోకపోయినా ఉద్యోగం మారే వీలు కల్పించింది. కాగితం మీద ఇంత ఉన్నా, తలుపు వేసి ఉన్న ఇంట్లో ఏం జరుగుతోందో ఆ డైరీ చెబుతోంది. ఇక ప్రవక్త గారి మాటల్ని కూర్చిన బుఖారీ గ్రంథంలోని హదీసు చూడు. ప్రళయదినాన ముగ్గురికి నేనే ఎదురుపక్షంగా నిలబడతానని అల్లాహ్ అన్నట్టుగా ఉంటుంది. ఆ ముగ్గురిలో ఒకడు, కూలివాడితో పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసును నువ్వు రాశావు, బాగుంది. కానీ అది గాల్లో వేలాడుతోంది. ఆ డైరీ పక్కన పెట్టి రాయి. హదీసు చదివినవాళ్ళకి కోపం రావాలి, బాధ కలగాలి.

ఇలా రాస్తే మనవాళ్ళ పరువు మనమే తీసుకున్నట్టవుతుందని నీకు అనిపించొచ్చు. జీతం ఎగ్గొట్టిన ఇంట్లో అయిదుపూటలా నమాజు చదివేవాళ్ళే ఉన్నారు. అదీ రాయి. ఆవిడకి అబద్ధాలు చెప్పి పంపిన ఏజెంటు మన కోనసీమవాడే. అది కూడా రాయి. ఖురాన్ నాలుగో అధ్యాయం 135వ ఆయత్, న్యాయం కోసం గట్టిగా నిలబడండి, అది మీకే వ్యతిరేకమైనా, మీ తల్లిదండ్రులకీ బంధువులకీ వ్యతిరేకమైనా సరే అంటుంది. అయిదో అధ్యాయం 8వ ఆయత్, ఒక జాతి మీద ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదంటుంది. ఒకటి మనవాళ్ళ మీద ప్రేమ గురించి, ఇంకొకటి పరాయివాళ్ళ మీద కోపం గురించి. రాసేవాళ్ళు ఎక్కువగా జారిపడేది ఈ రెండు చోట్లే. నీ వ్యాసంలో ఈ రెండు ఆయతులూ లేవు. ఆశ్చర్యపోయాను.

అందరూ చెప్పే 5:32 మాత్రం ఉంది. ఒక్క మనిషిని అన్యాయంగా చంపితే మానవజాతినంతటినీ చంపినట్టే, ఒక్క ప్రాణం కాపాడితే అందరినీ కాపాడినట్టే అన్న ఆయత్. దాని తల కోసేసి మొండెం ఒక్కటే పెట్టావు. ఆదం కొడుకుల్లో ఒకడు తోబుట్టువును చంపిన కథ అయిపోగానే, ఇస్రాయీల్ సంతతికి ఈ మాట విధించామంటూ అది మొదలవుతుంది. యూదుల గ్రంథాల్లోనూ ఇదే భావం ఉంది. అది చెబితే మన ఆయత్ విలువ తగ్గదు. మనుషులు ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ వచ్చిన మాట ఇది అని తెలుస్తుంది. ఆ వెంటనే వచ్చే 33వ ఆయత్‌లో దోపిడీకి, కల్లోలానికి కఠిన శిక్షలున్నాయి. విమర్శించేవాళ్ళు దాన్నే పట్టుకుని అడుగుతారు. కాబట్టి ముందూ వెనకా చదవకుండా ఏ ఆయత్‌నూ వాడకు.

కైరో ప్రకటనను మెచ్చుకుంటూ ఒక పేజీ రాశావు. 1990 ఆగస్టులో మానవ హక్కుల మీద ఇస్లామిక్ దేశాల సంస్థ చేసిన ప్రకటన అది. ప్రాణానికీ, ఆస్తికీ, చదువుకీ రక్షణ అందులో ఉన్న మాట నిజమే. కానీ 24వ అధికరణం, ఇందులోని హక్కులన్నీ షరియాకు లోబడి ఉంటాయంటుంది. షరియా ఏమిటో ఎవరు తేల్చాలి? పాలకులా, పండితులా, ఏ పండితులు? మతం మారాలనుకునే మనిషి, పెళ్ళిలో సమాన హక్కు అడిగే స్త్రీ అక్కడే చిక్కుకుపోతారు. "ధర్మం విషయంలో బలవంతం లేదు" అన్న 2:256ను మొదటి పేజీలో పెట్టి, ఇక్కడ మౌనంగా ఉంటే ఎలా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ 24వ అధికరణం ఆ ప్రకటనను బలహీనపరిచింది. నువ్వు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, ఎందుకు ఒప్పుకోవో రాయి.

1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి విశ్వజనీన మానవ హక్కుల ప్రకటనను ఆమోదించినప్పుడు 48 దేశాలు అవునన్నాయి. కాదన్నవాళ్ళు లేరు, ఎనిమిది దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. సౌదీ అరేబియా ఆ ఎనిమిదిలో ఒకటి. మతం మార్చుకునే హక్కు దానికి అభ్యంతరమైంది. అదే హక్కును పాకిస్తాన్ తరఫున జఫరుల్లా ఖాన్ ఖురాన్‌ను చూపించి సమర్థించారు. ఈజిప్టు, ఇరాన్, సిరియా, టర్కీ అవునన్నాయి. మన దేశం నుంచి వెళ్ళిన హంసా మెహతా పట్టుబట్టడం వల్లే మొదటి అధికరణంలో 'పురుషులందరూ' అన్న అర్థం వచ్చే మాట పోయి 'మనుషులందరూ' అని వచ్చింది. పడమటివాళ్ళు హక్కులు రాశారు, ముస్లింలు వద్దన్నారు అనే కథ తప్పు. మన దగ్గర అన్నీ పదిహేను వందల ఏళ్ళ కిందటే ఉన్నాయి, వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది లేదు అనే కథ కూడా అంతే తప్పు. 2003లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఇరాన్ న్యాయవాది షిరీన్ ఇబాదీని చూడు. ముస్లింగానే ఉండి, తన దేశపు చట్టాలతోనే పోరాడింది. ఆవిడ మీద ఒక పేరా రాయొచ్చు.

ఇంకో లోటు. నువ్వు డెల్టాలో పుట్టి పెరిగావు, వ్యాసంలో నీళ్ళ ఊసే లేదు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మన బతుకులన్నీ కాలవ మీదే కదా. రెండో పంట దాళ్వాకి వంతులవారీగా నీళ్ళిచ్చే రోజుల్లో శివారు రైతు అర్ధరాత్రి టార్చి పట్టుకుని తూము దగ్గర కాపలా ఉండటం నువ్వు చూసే ఉంటావు. మదీనాలోనూ ఈ తగువే వచ్చింది. ఎగువ పొలం జుబైర్‌ది, ప్రవక్త గారి మేనత్త కొడుకు. దిగువ పొలం ఒక అన్సారీది, అంటే మదీనా ముస్లింది. నీ తోట తడుపుకుని నీళ్ళు పొరుగువాడికి వదులు అని ప్రవక్త గారు జుబైర్‌కి చెప్పారు. నీ బంధువు కాబట్టి అలా చెప్పావన్నాడు అన్సారీ. ప్రవక్త గారి ముఖం రంగు మారింది. నీళ్ళు గట్టు మొదలుదాకా ఎక్కేవరకూ ఆపుకుని తర్వాత వదలమని, ఎగువవాడికి రావలసిన హక్కు ఎంతో అప్పుడు కొలిచి చెప్పారు. మొదట చెప్పింది ఇద్దరికీ మేలైన సర్దుబాటు, రెండోది ఖచ్చితమైన హక్కు. ఈ తేడాని మన శివారు రైతుకి నువ్వు విడమరిచి చెప్పక్కర్లేదు. నీరు, గడ్డి, నిప్పు, ఈ మూడింటిలో అందరూ భాగస్తులే అన్న హదీసు కూడా ఉంది. మానవ హక్కులంటే జెనీవాలో మాట్లాడుకునేవి అనుకునే పాఠకులకి ఇది తూము దగ్గరి సంగతే అని తెలుస్తుంది.

మన పక్కనే పిఠాపురంలో ఉమర్ అలీషా గారున్నారు. 1885లో పుట్టి 1945లో పోయారు. సూఫీ పీఠాధిపతి, తెలుగు కవి, అవధాని, కేంద్ర శాసనసభలో సభ్యుడు. ఆయన్ని చదువు. ముస్లింగా ఉంటూ తెలుగులో తలెత్తుకుని రాయడం ఎలాగో ఆ పద్యాల్లో కనిపిస్తుంది.

ఇక శాంతి. నీ ఆఖరి పేజీలో పావురాలు, వేకువ వెలుగులు తప్ప ఇంకేమీ లేవు. 2019లో అబుదాబీలో పోప్ ఫ్రాన్సిస్, కైరోలోని అల్ అజ్హర్ విద్యాపీఠం పెద్ద ఇమామ్ అహ్మద్ అల్ తయ్యిబ్ కలిసి సంతకం చేసిన మానవ సోదరభావ పత్రం గురించి ఒక్క వాక్యం చాలు. హుదైబియా ఒప్పందం మాత్రం తీరిగ్గా రాయి. 628లో ముస్లింలకీ మక్కా ఖురైష్‌కీ మధ్య పదేళ్ళ సంధి. 'దైవప్రవక్త ముహమ్మద్' అని రాస్తే ఖురైష్ ఒప్పుకోలేదు. ఆ మాట కొట్టేయడానికి, రాస్తున్న అలీకి చెయ్యి రాలేదు. ప్రవక్త గారే తీసేసి 'అబ్దుల్లా కొడుకు ముహమ్మద్' అని రాయించారు. ఆ ఏడాది కాబా దర్శనం లేకుండా వెనక్కి వెళ్ళడానికి ఒప్పుకున్నారు. ప్రవక్త గారి దగ్గరి అనుచరుడు ఉమర్ లాంటివాడే తట్టుకోలేకపోయాడు.

అంతలో అబూ జందల్ వచ్చాడు. ఇస్లాం స్వీకరించినందుకు కన్నతండ్రే సంకెళ్ళు వేస్తే, ఆ సంకెళ్ళతోనే తప్పించుకుని మదీనావాళ్ళ దగ్గరికి చేరాడు. ఖురైష్ తరఫున సంధి మాట్లాడుతున్న సుహైలే అతని తండ్రి. మక్కా నుంచి పారిపోయి వచ్చినవాళ్ళని తిప్పి పంపాలని షరతు. పంపేశారు. అతను ఏడుస్తూ అడిగాడు, నన్ను మళ్ళీ వాళ్ళకే ఇస్తారా అని. ఓర్చుకో, అల్లాహ్ దారి చూపిస్తాడన్నారు ప్రవక్త గారు. శాంతి గురించి రాసేవాళ్ళు ఈ ఘట్టాన్ని తప్పించుకుపోతుంటారు, నువ్వు ఆ పని చేయకు. మాట మీద నిలబడటానికి ఎంత ఖరీదు కట్టాల్సి వచ్చిందో, ఆ ఖరీదు ఎవరి మెడ మీద పడిందో పాఠకుడు చూడాలి. అప్పుడే శాంతి అన్న మాటకి బరువు వస్తుంది.

మన కాలానికి దగ్గరగా కావాలంటే సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ గారి అహింసా దళం, ఖుదాయీ ఖిద్మత్‌గార్లు ఉన్నారు. తుపాకీ లేకుండా బయటికి రాని పఠాన్లు, ఆయుధం పట్టబోమని ప్రమాణం చేశారు. 1930 ఏప్రిల్ 23న పెషావర్ ఖిస్సా ఖ్వానీ బజారులో నిరాయుధుల మీద బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపింది. ఆ పఠాన్ల మీద కాల్చమని చెబితే అదే సైన్యంలోని హిందువులైన గఢ్వాలీ సిపాయిలు కాల్చం అన్నారు. జైలుకి వెళ్ళారు. ప్రపంచ శాంతి మీద నాకున్న ఆశకి ఆధారం ఇలాంటివే. జరిగాయి కాబట్టి మళ్ళీ జరగొచ్చు.

రాసే పద్ధతి గురించి ఒక్కటే చెబుతాను. ఆ డైరీ ఆవిడ దగ్గరికి నేను తీసుకెళ్తాను. రాయొచ్చా అని ముందు అడుగు. పేరు వద్దంటే పేరు, ఊరు వద్దంటే ఊరు తీసేయ్. రాసింది ఆవిడకి చదివి వినిపించి, ఏమన్నా మార్చమంటే మార్చి, ఆ తర్వాతే పత్రికకి పంపు. సంచికకి ఇంకా టైముంది. ఆదివారం పొద్దున్నే వస్తే ఎండెక్కకుండా వెళ్ళొద్దాం. మీ అమ్మగారికి నా సలాం చెప్పు.

దువాతో,
మీ మాస్టారు