పిల్లలకి జంతువులు, మొక్కలు ఎక్కడ బతుకుతాయో నేర్పాలంటే చార్టు కొనకండి, బురద చూపించండి

"మేం హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, మా పాపకి అయిదేళ్లు, ఏ జంతువు ఎక్కడ ఉంటుందో ఏ మొక్క ఎక్కడ పెరుగుతుందో నేర్పడానికి మంచి చార్టు గానీ యాప్ గానీ చెప్పండి" అని ఒకరు అడిగారు. నేనైతే ఏదీ కొనొద్దంటాను.

కాకినాడ దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకి పాఠాలు చెబుతాను. ఏళ్ల తరబడి ఈ వయసు పిల్లల మధ్యే ఉన్నదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నా. చార్టు చూసి నేర్చుకున్న పిల్లకి వచ్చేది రెండు మాటలు కలపడం. చేప - నీళ్లు, సింహం - అడవి, ఒంటె - ఎడారి. గీత గీస్తారు, టిక్కు పడుతుంది, అయిపోయింది. ఆ నీళ్లలో చేపకి ఏం దొరుకుతోంది, ఇంకోచోట అది ఎందుకు బతకలేదు అన్న ప్రశ్న ఎవరి నోటా రాదు. అసలు పాఠమంతా అక్కడే ఉంది.

ఒకసారి మా పిల్లల్ని, వాళ్ల అమ్మానాన్నల్లో కొందరిని వెంటబెట్టుకుని కోరింగ మడ అడవులకి వెళ్లాం. కాకినాడకి దగ్గరే, 1978 నుంచి అభయారణ్యం, లోపలికి చెక్కలతో నడక వంతెన వేశారు కాబట్టి చిన్నపిల్లలు కూడా భయం లేకుండా నడవొచ్చు. మేం వెళ్లేసరికి సముద్రపు పాటు. నీళ్లు వెనక్కి తీసి బురదంతా బయటపడింది. మొదట ఎవరికీ ఏమీ కనిపించలేదు, "ఇక్కడేం ఉందండీ చూడ్డానికి" అని ఒకాయన విసుక్కున్నాడు కూడా. అంతలో మా రెండో తరగతి పిల్లాడు కటకటాల మధ్యలోంచి తల పెట్టి గట్టిగా అరిచాడు, "టీచర్ గారండీ, చేప బయటకొచ్చేసిందండీ, చచ్చిపోద్దండీ!"

అది చావలేదు. అది బురద మీద తిరిగే మడ్‌స్కిపర్ అనే చేప. ముందు రెక్కల్ని మోచేతుల్లా బురదకి ఆనించి పాక్కుంటూ పోయింది, ఆగింది, టపీమని గెంతింది. కాసేపటికి పిల్లల కళ్లు అలవాటుపడ్డాయి, ఎటు చూసినా అవే. ఇక ప్రశ్నలు! నీళ్లు లేకుండా ఊపిరి ఎలా పీలుస్తుంది? మొప్పల దగ్గర కాసిని నీళ్లు దాచుకుంటుంది, తడి చర్మంతో కూడా గాలి తీసుకుంటుంది, అందుకే మధ్యమధ్యలో తడి బురదలో పొర్లుతుంది అని చెప్పాను. వెంటనే ఇంకో పిల్ల, "మరి ఎండకి బురద ఆరిపోతేనండీ?" అంది. చూశారా, ఏ చార్టూ ఆ పిల్ల చేత ఈ ప్రశ్న అడిగించలేదు. ఈ చేపకి నీళ్లుంటే చాలదు, బురద కావాలి, ఆ బురద తడిగా ఉండాలి, తడి ఉండాలంటే పోటు రావాలి అన్న సంగతి ఆరేళ్ల పిల్ల తనంతట తాను పట్టుకుంది.

మా క్లాసులో ఒక పాప ఉంది, వాళ్ల నాన్న చేపల వేటకి వెళతాడు. క్లాసులో నోరు విప్పదు. అక్కడ మాత్రం పీతల కన్నాలు వరసగా చూపించింది. ఒక కొండి పెద్దగా, ఒకటి చిన్నగా ఉండేవి మగవని చెప్పింది. "పోటొస్తే ఇదంతా మునిగిపోద్ది, అప్పుడవి కన్నానికి బురద ముద్ద అడ్డం పెట్టుకుని లోపల కూర్చుంటాయండి" అంది. నిజమే, ఆ పీతలు అలాగే చేస్తాయి. ఆ రోజు మిగతా పిల్లలంతా ఆమె వెనకాలే నడిచారు.

మొక్కల సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఈ పాఠంలో మొక్కల్ని ఎవరూ పట్టించుకోరు. జంతువు బొమ్మ వెనకాల పచ్చరంగు పూస్తే సరిపోయిందనుకుంటారు. మడ చెట్టు చుట్టూ బురదలోంచి వేలెడు వేళ్లు పైకి పొడుచుకుని ఉంటాయి. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి వేరు పైకొచ్చి ఊపిరి తీసుకుంటుంది. అక్కడి సిబ్బందిని అడిగి, వాళ్లు చూపించిన మడ ఆకుని కొయ్యకుండా కొమ్మ వంచి, పిల్లల చేత నాలిక తగిలించాం. ఉప్పన! చెట్టు తనకి అక్కర్లేని ఉప్పుని ఆకుల మీద నుంచి బయటికి పంపేస్తుందని చెబితే, నాలిక మీద రుచి ఉన్న పిల్లకి వేరే వివరణ అక్కర్లేదు. కానీ ఇది మీ అంతట మీరు చెయ్యకండి, అక్కడే తిల్ల చెట్టు కూడా ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. తెలిసినవాళ్లు చూపిస్తేనే ముట్టుకోనివ్వండి.

ఆ రోజు నాకు కోపం తెప్పించింది పెద్దవాళ్లే. "ఛీ, బురద, ఇటు రా" అని చెయ్యి పట్టి లాగడం, చిప్స్ ప్యాకెట్ చేతిలో పెట్టి ఫోటోకి నిలబెట్టడం. ఇంటికెళ్లాక అదే తల్లిదండ్రులు ప్రాజెక్ట్ వర్క్ కోసం రాత్రి పదింటికి ఫ్యాన్సీ షాపుకి పరిగెత్తి థర్మకోల్ కొంటారు. ఆ అడవి బొమ్మ నాన్న చేస్తాడు, పేరు పిల్లది.

ఇక ఆ కొనే చార్టుల మీద ఉండేవేంటి? ధ్రువపు ఎలుగుబంటి, పెంగ్విన్ పక్కపక్కన, ఒకే మంచుగడ్డ మీద. ఒకటి ఉత్తర ధ్రువం వైపు జంతువు, రెండోది దక్షిణార్ధ గోళపు పక్షి, అవి బయట ప్రకృతిలో ఎన్నడూ ఒకదాన్నొకటి చూసుకోవు. సింహాన్ని దట్టమైన అడవిలో గీస్తారు, మన దేశపు సింహాలున్న గిర్‌లో ఎక్కువగా ఉండేది ఎండిన పొదలూ గడ్డీ, ఆకు రాల్చే చెట్లూ. ఇక్కడ నల్లమలలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం ఉంది, మా కోరింగలో చేపలు పట్టుకు తినే బావురుపిల్లి ఉంది, ఆ నల్లమల గానీ ఈ పిల్లి గానీ ఏ చార్టులోనూ నాకు కనబడలేదు.

ఇంకో మాట. "పక్షి ఇల్లు గూడు" అని దయచేసి నేర్పకండి. గూడు గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచడానికి కట్టుకున్న ఉయ్యాల లాంటిది, పిల్లలు ఎగిరిపోయాక చాలా పక్షులు దాన్ని వదిలేస్తాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్లమీద గూళ్లు కడతాయి, కానీ మేతకి ఆ చెరువు దాటి బయటి నీళ్లకి పోతాయి. చెరువులో చెట్లుండి, చుట్టుపక్కల నీళ్లు ఎండిపోతే అవి రావు. గూడు బొమ్మ గీసి ఇల్లు అని రాయించితే ఈ విషయం పిల్లకి ఎప్పటికీ అర్థం కాదు.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి కోరింగ దాకా రానక్కర్లేదు. మీ ఊళ్లో పెద్దపెద్ద బండరాళ్లున్నాయి, లేఅవుట్ల కోసం పేల్చెయ్యగా మిగిలినవి. ఆ రాళ్ల దగ్గరికి పాపని ఉదయం ఎండ కాస్త ఎక్కాక తీసుకెళ్లండి, తొండలు రాయెక్కి వెచ్చబడుతూ ఉంటాయి, దగ్గరికెళ్లగానే ఏ పగుల్లోకి దూరాయో చూడమనండి. అదే పగుల్లో కాస్త మట్టి చేరి రావి మొక్క మొలిచి ఉంటుంది, ఆ గింజ అక్కడికి ఎలా చేరిందో మీ పాపనే ఊహించమనండి. పిట్ట రెట్టలో వచ్చిందని మీరు ముందే చెప్పెయ్యకండి. రెండు వారాలాగి మధ్యాహ్నం ఒకసారి, వాన పడ్డాక ఒకసారి అదే రాయి దగ్గరికి వెళ్లండి. "ఇక్కడ దీనికి తిండేంటి, నీళ్లెక్కడివి, ఎక్కడ దాక్కుంటుంది, పిల్లల్ని ఎక్కడ పెడుతుంది" అని నాలుగే ప్రశ్నలు అడగండి, జవాబు రాకపోతే వదిలెయ్యండి, మళ్లీ వెళ్లినప్పుడు తనే చెబుతుంది. నీళ్ల సీసా, టోపీ పట్టుకెళ్లండి, పగుళ్లలో చెయ్యి పెట్టనివ్వకండి, పాములు, తేళ్లు కూడా అక్కడే ఉంటాయి.