పాత మాన్యువల్‌కి ప్రాణం పోయాలంటే

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ధాన్యం కొట్ల కోసం నేను రాసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ టూల్‌తో తెలుగు మాన్యువల్ చేసి, ఎప్పుడో రీడ్ ద డాక్స్ అనే మాన్యువల్స్ హోస్టింగ్ సైట్‌లో పెట్టాను. ఇప్పుడు నాలుగు పేజీలు మారిస్తే బిల్డ్ (పేజీలు తయారయ్యే ప్రక్రియ) ఫెయిలవుతోంది. పీడీఎఫ్‌లో తెలుగు రావట్లేదు. ఒడియా కూడా కలపాలి. దారి చెప్పండి సార్.

జవాబు: ప్రాజెక్టు పాతది కాబట్టి ముందు 'డాట్ రీడ్‌దడాక్స్ డాట్ యామల్' అనే బిల్డ్ సెట్టింగ్స్ ఫైలు (.readthedocs.yaml) ఉందో లేదో చూడండి. 2023 సెప్టెంబరు నుంచి అది తప్పనిసరి. అందులో ఆపరేటింగ్ సిస్టమ్, పైథాన్ వెర్షన్లు రాయాలి.

పీడీఎఫ్ సంగతి నన్నూ రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. స్ఫింక్స్ పీడీఎఫ్ తయారీకి మామూలుగా పీడీఎఫ్‌లాటెక్ అనే ఇంజిన్ వాడుతుంది, దాంతో తెలుగు కుదరదు. స్ఫింక్స్ సెట్టింగ్స్ ఉండే కాన్ఫ్ ఫైల్లో (conf.py) లాటెక్ ఇంజిన్‌ని జీలాటెక్‌గా (XeLaTeX) మార్చి, నోటో సాన్స్ తెలుగు ఫాంటు పేరివ్వండి. ఫాంటు ఫైలు ప్రాజెక్టులోనే ఉంచండి. తర్వాత 'రాష్ట్రం' అన్న మాట వెతికి, ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయో లేదో కళ్లారా చూసుకోండి.

ఒడియాకి విడిగా ఇంకో ప్రాజెక్టు తెరిచి, తెలుగుదాని సెట్టింగ్స్‌లో అనువాదంగా జతచేయాలి. పీఓ ఫైళ్లతో (అసలు వాక్యం, దాని అనువాదం జంటగా ఉండే ఫైళ్లు) చేస్తే, తెలుగు వాక్యం మారినప్పుడు దాని ఒడియా పాతబడిందని ఫైల్లో గుర్తు పడుతుంది. ఈ పని వాయిదా వేయకండి. మన గుణుపురం, రాయగడ పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడినా బళ్లో చదివింది ఒడియానే. కొట్లో గుమాస్తాగా కూర్చునేది వాళ్లే.