పాప ఏరుకొచ్చిన రాళ్లు పారేసి 60 వేల కోర్సు కొంటారా?

ప్రశ్న: మాది హన్మకొండ. పాప స్టేట్ సిలబస్‌లో తొమ్మిదో తరగతి. 2024 డిసెంబరులో ములుగు భూకంపం వచ్చినప్పటి నుంచీ భూమి గురించే చదువుతోంది. రాళ్లు ఏరుకొచ్చి అల్మరా నింపితే రెండుసార్లు పారేశాను. ఇప్పుడు ఒక విదేశీ సంస్థ ఆన్‌లైన్‌లో చెప్పే అడ్వాన్స్‌డ్ ఎర్త్ సైన్స్‌లో చేరతానంటోంది, ఫీజు 60 వేలు. చేర్పించాలా, కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ పోర్టల్లో ఉచిత కోర్సు సరిపోతుందా? ఎంపీసీ దెబ్బతినదు కదా?

జవాబు: మీ అసలు భయం ఆ చివరి వాక్యంలో ఉంది. దెబ్బతినదు. ఈ చదువుకు దారి కూడా ఎంపీసీ మీదుగానే. ఖరగ్‌పూర్, ధన్‌బాద్ ఐఐటీల్లో అప్లయిడ్ జియాలజీ (భూగర్భ శాస్త్రం) సీటు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతోనే వస్తుంది. ఉస్మానియాలో ఎమ్మెస్సీ జియాలజీ ఉంది. అది చదివినవాళ్లు యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు వెళ్తారు. సింగరేణి బొగ్గు గనులు మన పక్కనే ఉన్నా ఉద్యోగాలేవని అడిగేవాళ్లు చాలామంది.

60 వేల కోర్సు మీదే నాకు అనుమానం. ఆ సర్టిఫికెట్‌కు ఇంటర్‌లోనూ ఎప్‌సెట్‌లోనూ ఒక్క మార్కు రాదు. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం ఏడింటి లైవ్ క్లాసంటే మనకు తెల్లవారుజామున నాలుగున్నరో ఐదున్నరో అవుతుంది. పైగా భూకంప తీవ్రత అర్థం కావాలంటే లాగరిథమ్ అనే లెక్క తెలియాలి: ఒక్క అంకె పెరిగితే కంపనం 10 రెట్లు, శక్తి సుమారు 32 రెట్లు. మన సిలబస్‌లో లాగరిథమ్ పదిలో గానీ రాదు. అక్కడ తట్టుకోలేని పిల్లలు వీడియో నడుస్తుండగా నోట్సు ఎక్కించుకుంటారు, అసైన్‌మెంట్ వదిలేస్తారు.

అంతకన్నా పెద్ద లోటు, తెర మీద రాయి బరువు తెలియదు. మీ చుట్టూ ఉన్న గుట్టల్లో గ్రానైటే ఎక్కువ. తాజాగా పగిలిన ముక్కను ఎండలో 10 రెట్ల భూతద్దం కింద అటూ ఇటూ తిప్పితే, చదునుగా తళుక్కుమనేది ఫెల్‌స్పార్ అనే ఖనిజం. గాజుపెంకులా ఒంపుగా విరిగి, చదును లేకుండా మెరిసేది క్వార్ట్జ్. మేకుతో గీస్తే రెండింటి మీదా గీత పడదు. గోటితో పొరలుగా లేచే నల్లటిది బయొటైట్ అనే అభ్రకం. ఎండకూ వానకూ పాతబడిన ముక్క తీసుకుంటే ఫెల్‌స్పార్ మట్టిలా మెత్తబడి ఉంటుంది, గుర్తు తప్పుతారు. గచ్చు టైలు వెనుక, పాలిష్ లేని వైపు ఖనిజాన్ని రుద్దితే పొడి రంగు తెలుస్తుంది. భూతద్దం, టైలు ముక్క, మేకు, నోటు పుస్తకం కలిపినా ఖర్చు వెయ్యి దాటదు.

అంతర్జాతీయ ఎర్త్ సైన్స్ ఒలింపియాడ్‌లోనూ రాతపరీక్షతో పాటు ప్రాక్టికల్, ఫీల్డ్ పని ఉంటాయి. 2013లో అది మైసూరులోనే జరిగింది. మన దేశంలో దానికి ఎంపిక పరీక్ష 9 నుంచి 12 తరగతుల వాళ్లకు. పాపకు మీరు చూపించాల్సిన పోటీ అది.

స్వయంలో ఐఐటీల కోర్సులు ఉచితమే, కానీ డిగ్రీ స్థాయివి. వారానికి ఒక్క వీడియో చాలు. ఎంపీసీ లెక్కలు గట్టిపడ్డాక, ఇంటర్ అయిన వేసవిలో మొత్తం కోర్సు పట్టవచ్చు.

ఇక ఒక మాట కటువుగానే చెబుతాను. రాళ్లు పారేసిన చేత్తోనే 60 వేలు కట్టనా అంటున్నారు. మీరు పారేసింది ఆ పిల్ల నోట్సు. ఈసారి ప్రతి రాయి మీదా తెల్ల పెయింట్ చుక్క పెట్టించి నంబరు వేయించండి. పుస్తకంలో ఆ నంబరుకు ఎదురుగా ఊరు, తేదీ రాయించండి. ఎక్కడ దొరికిందో తెలియని రాయితో పని లేదు.

ఒక ఆదివారం రేగొండ దగ్గరి పాండవుల గుట్టకు తీసుకెళ్లండి. అక్కడిది గ్రానైట్ కాదు, ఇసుకరాయి. పొరలు కంటికే కనిపిస్తాయి. సుత్తి మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి, ఆ బండల మీద ఆదిమానవుల బొమ్మలున్నాయి.