రెండేళ్ళకే రేసులో దింపితే గుర్రం కెరీర్ తొందరగా అయిపోతుందా?

మీరు షేర్ తీసుకున్న ఫిల్లీని (చిన్న ఆడ గుర్రాన్ని) ట్రైనర్ రెండేళ్ళకే పరిగెత్తిస్తా అంటున్నాడు, మీ బాబాయేమో ఎముక ముదరకుండా దింపితే నాలుగేళ్ళకే మూలన పడుతుంది అంటున్నారు, ఎవరి మాట వినాలి అని కదండీ అడిగారు. నేను మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రాల డాక్టర్ దగ్గర అసిస్టెంటుగా చేశాను, నేను చూసినంతవరకు వయసు కన్నా పని ఎలా పెంచుతున్నారనేదే అసలు సంగతి.

ముదరడం అంటాం గానీ అన్ని ఎముకలూ ఒకేసారి ముదరవు. ముంగాలి మోకాలికి కాస్త పైనున్న గ్రోత్ ప్లేట్, అంటే ఎముక పొడుగు పెరిగే మెత్తటి భాగం, రెండు, రెండున్నరేళ్ళకి మూసుకుంటుంది, ఎక్స్‌రే తీసి చూసేది దాన్నే. వెన్నుపూసలకైతే ఐదారేళ్ళు పడుతుంది, అంతదాకా ఎవరాగుతారు చెప్పండి. ఇంకోటి, మన దగ్గర రేసు గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు మారుతుంది, అందుకే జనవరిలో పుట్టిందీ మీ ఏప్రిల్ ఫిల్లీ కూడా కాగితం మీద ఒక్కటే, ఎముక దగ్గరికొచ్చేసరికి ఆ మూడు నెలలూ తేడా చూపిస్తాయి.

అసలు గొడవంతా షిన్ల దగ్గర, అంటే ముంగాలి మోకాలి కిందుండే ఎముక ముందు భాగం దగ్గర. ఆ ఎముక పొడుగు పెరగడం మొదటి ఏడాదిలోనే ఆగిపోతుంది, కానీ గట్టిదనం మాత్రం పనిని బట్టే వస్తుంది, బాక్సులో (గుర్రాన్ని కట్టే గదిలో) నిలబెట్టి దాణా పెడితే ఒళ్ళొస్తుందంతే. అలాగని రోజూ మైళ్ళకొద్దీ నెమ్మదిగా కాంటర్ (గ్యాలప్ కన్నా నిదానమైన పరుగు) చేయించినా లాభం లేదు, స్పీడులో ఎముక మీద పడే బరువు వేరు కాబట్టి చిన్న దూరాలు స్పీడుగా పరిగెత్తిస్తూ మెల్లగా పెంచాలి, అమెరికాలో నునామేకర్ అనే వెటర్నరీ సర్జన్ పరిశోధనల్లో తేల్చింది కూడా ఇదే. మేమైతే ట్రాక్ వర్క్ అయ్యాక సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) దాని కాళ్ళు కడక్కముందే షిన్ మీద చెయ్యేసి చూసేవాళ్ళం, వేడి తగిలినా, నొక్కితే కాలు లాక్కున్నా గ్యాలప్ (ఫుల్ స్పీడు పరుగు) బంద్. ఒకాయన మూడేళ్ళు నిండేదాకా పనే పెట్టకుండా దాచిన కోల్ట్‌ని (చిన్న మగ గుర్రాన్ని) రేసు దగ్గరపడిందని ఒక్కసారిగా గ్యాలప్‌లు పెంచేశాడు, రెండు షిన్లూ వాచిపోయి ఆ సీజన్ మొత్తం నిలబడిపోయింది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లెక్కలు చూస్తే రెండేళ్ళకి మొదలుపెట్టినవే ఎక్కువకాలం పరిగెత్తాయి. నేనైతే దీన్ని పూర్తిగా నమ్మను, పుట్టుకతోనే గట్టిగా ఉన్నవే తొందరగా రెడీ అవుతాయి కదా. అయినా రెడ్ రమ్ అనే గుర్రం 1967లో రెండేళ్ళకే రేసులో దిగి, 1977లో పన్నెండేళ్ళ వయసులో మూడోసారి ఇంగ్లండ్‌లో జరిగే గ్రాండ్ నేషనల్ రేసు గెలిచింది, మీ బాబాయ్‌కి ఈ ముక్క చెప్పండి.

ట్రైనర్‌ని మాత్రం రెండు అడగండి: మోకాళ్ళ ఎక్స్‌రే ఏమొచ్చింది, వారంలో స్పీడ్ వర్క్ ఎన్ని ఫర్లాంగులు (ఒక్కోటి దాదాపు 200 మీటర్లు). ఫిల్లీకి మధ్యలో లాంగ్ రెస్ట్ ఇస్తే తిరిగొచ్చాక మళ్ళీ కింద నుంచే మొదలుపెట్టమనండి, రెస్ట్ తర్వాత తొందరపడితేనే భుజం ఎముకలు విరుగుతాయి.