నాన్న ఇస్తానన్న పది లక్షలే అడ్డమయ్యాయా?

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా కేపీహెచ్‌బీ కాలనీలో అద్దెకు ఉంటున్నాం. మా వీధిలోనే 18 ఏళ్ల నాటి ఫ్లాటు 60 లక్షలకు అమ్మకానికి వచ్చింది. పిల్లల బడి, అత్తయ్య వెళ్లే గుడి నడిచే దూరం. మావారూ సరేనన్నారు. ఉగాదికి పుట్టింటికి వెళితే, బంధువులందరి ముందు మా నాన్న పది లక్షలు ఇస్తానన్నారు. తిరిగి వచ్చినప్పటి నుంచి మావారు నగర శివారు కొల్లూరులో కడుతున్న టవర్‌లోనే కొందామంటున్నారు. ‘అప్పు చేసి పాత కొంప కొంటే నలుగురూ నవ్వుతారు’ అంటారు. రోజూ గొడవే.
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఉగాదికి ముందు మీవారికి ఆ ఫ్లాటు పాతదనిపించలేదు. మామగారు డబ్బు మాట ఎత్తాకే దాని వయసు గుర్తొచ్చింది. ‘మామ సొమ్ముతో ఇల్లు కొన్నాడు’ అంటారేమోనన్న బెంగను చాలామంది మగవాళ్లు పైకి చెప్పరు. టవరు, క్లబ్‌హౌస్, ఈతకొలను అంటారు. నా ఊహ తప్పు కావచ్చు, అడిగి చూడండి. అత్తయ్యనూ పిల్లల బడినీ మధ్యకు తేకుండా, ‘నాన్న అందరి ముందు అలా అనడం మీకు కష్టంగా తోచిందా?’ అని మాత్రమే అడగండి. ఆయన నోరు విప్పేదాకా మీరు మాట్లాడకండి.

ఆ పది లక్షలు లేకుండా గడుస్తుందేమో ముందు లెక్క చూడండి. 60 లక్షల ఇంటికి బ్యాంకు 80 శాతం, అంటే 48 లక్షలకు మించి ఇవ్వదు. మిగతా 12 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు సుమారు ఏడున్నర శాతం చొప్పున మరో నాలుగున్నర లక్షలు మీ చేతి డబ్బే. అంత పొదుపు ఉంటే నాన్నగారికి దండం పెట్టి వద్దనండి. లేకపోతే అప్పుగా తీసుకోండి. తీర్చే గడువుతో కాగితం మీవారి చేతే రాయించండి, ఆ అప్పు సంగతి బ్యాంకుకు చెప్పకుండా దాచకండి. ఇల్లు మాత్రం ఇద్దరి పేర్ల మీదా ఉండాలి.

నా మొగ్గు మీ కాలనీ వైపే. కొల్లూరులో కట్టడం పూర్తయ్యేదాకా ఇక్కడ అద్దె, అక్కడ వడ్డీ, రెండూ మోయాలి. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు 5 శాతం జీఎస్టీ అదనం. పైగా, ఎనిమిదేళ్లుగా పలకరించుకుంటున్న వీధిని వదిలి, డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన మీ అత్తయ్యను ఇరవయ్యో అంతస్తులో కూర్చోబెడితే ఆవిడకు పొద్దెలా పోతుంది? (ఆవిడ వయసు మీరు రాయలేదు, నేనే అనుకున్నాను.)

అలాగని పాత ఇల్లు అనగానే మురిసిపోకండి. మంజూరైన ప్లానుకు మించి పై అంతస్తు వేశారేమో, భూమిలో మీ అవిభాజ్య వాటా ఎంతో, పార్కింగు దస్తావేజులో ఉందో లేదో, కనీసం ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆస్తిపై నమోదైన అమ్మకాలు, తాకట్టులు చూపే పత్రం) ఏం చెబుతోందో లాయరుతో చూపించండి. ఎండాకాలంలో బోరు ఎండుతుందా అన్నది వాచ్‌మన్‌ను అడగండి. సంఘం అధ్యక్షుడికన్నా అతనే నిజం చెబుతాడు.

ఈ పనులన్నీ మీవారికే అప్పగించండి. వెతికి ఆయన ఏదైనా లోపం పట్టుకుంటే వాదించకుండా ఆ ఫ్లాటు వదిలేయండి. అంత పెద్ద కాలనీలో ఇంకోటి అమ్మకానికి రాకపోదు.