ఆగి ఆగి నడిచే శక్తిమాన్

ప్రశ్న: అయ్యా, సైన్యం వేలంలో అమ్మిన పాత శక్తిమాన్ లారీతో నాపరాళ్లు తోలుతున్నాను. ఉదయం బాగానే స్టార్టవుతుంది కానీ, పది కిలోమీటర్లు పోయాక బలం తగ్గి ఆగిపోతుంది. ఇంజనుకు డీజిల్ ఎక్కించే చేతిపంపు కొడితే మళ్లీ కొంతదూరం నడుస్తుంది. మెకానిక్ ఇంజను విప్పాలంటున్నాడు. విప్పించమంటారా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: దయచేసి ఇప్పుడే విప్పించకండి. జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో తయారైన ఈ బండి ఇంజను గట్టిది. చేతిపంపుతో తేరుకుంటోందంటే, ముందుగా అనుమానించవలసింది డీజిల్ అందే దారినే. బండి ఆగిన చోటనే ట్యాంకు మూత వదులు చేయండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినిపిస్తే, మూతలోని గాలి రంధ్రం పూడిపోయినట్లే. రాతిపొడిలో తిరిగే బండ్లకు ఇది మామూలు.

అది కాకపోతే, బండిని నిలిపి, శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, వేడి సైలెన్సరుకు దూరంగా ఎత్తులో కట్టి, కొత్త గొట్టంతో నేరుగా ఫీడ్ పంపుకు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే పంపుకు) కలిపి, ఇంజనును అరగంట నడపండి. ఆగకుండా నడిస్తే లోపం ట్యాంకుకూ పంపుకూ మధ్యనే ఉంది. ఆ భాగంలో సందు ఏర్పడితే డీజిల్ బయటికి కారకుండా గాలే లోపలికి చొరబడుతుంది కనుక, పైకి తడి కనిపించక అనుభవజ్ఞులు కూడా పొరబడతారు. పాత రబ్బరు గొట్టాలనూ, జాయింట్లలోని రాగి వాషర్లనూ మార్చి, ట్యాంకు అడుగున పేరుకున్న తుప్పును కడిగించండి. తర్వాత ఫిల్టరు దగ్గర గాలి వదిలే స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేవరకు చేతిపంపు కొట్టండి. డబ్బాతో నడిపినా ఆగిపోతే మాత్రం, ఫిల్టరునూ ఫీడ్ పంపు వాల్వులనూ చూపించండి.