కుర్చీ ఎవరు జరుపుతున్నారో చూడు: ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. దాంతో పంపిన వ్యాసం ఒకసారి ఊరికే చదివాను, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. "నాకు రాయడం వస్తుందా రాదా, ఆ ఒక్క మాట చెప్పండి చాలు" అన్నావు. ఆ ప్రశ్న పెట్టుకుని ఇప్పుడే టెన్షన్ పడొద్దు. నీ మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. చలి మొదలయినప్పటి నుంచీ మీ అమ్మమ్మ పొద్దు గూకకముందే కిటికీ తలుపులు మూసేస్తోందనీ, ఒకప్పుడు ఆ తలుపులు వెయ్యమని తాతయ్య ఎంత మొత్తుకున్నా వినేది కాదనీ రాశావు. ఆ వాక్యం రాసిన మనిషికి చూపు ఉంది. మిగతాదంతా సాధనతో వస్తుంది.

అయితే ఆ వాక్యం దగ్గరికి చేరాలంటే చదివేవాళ్లు రెండు పేజీలు దాటాలి. మొదటి పేజీ నిండా కాలం పరుగులు తీస్తోంది, ఆకులు రాలుతున్నాయి, జ్ఞాపకాలు చిగురిస్తున్నాయి. ఇవేవీ నువ్వు చూసినవి కావు. ఎప్పుడో ఎవరో చూసి రాస్తే, చదివి చదివి మనందరి నోటికీ వచ్చేసిన మాటలు. ఆ పేజీ మొత్తం తీసెయ్. అందులో నీకు బాగా నచ్చిన వాక్యం ఉందని తెలుసు, దాన్ని కూడా తీసెయ్.

ఎందుకంటున్నానో చెప్తాను. నీ వ్యాసం దేని గురించి అని అడిగితే కాలం గురించి అంటావు. కాలాన్ని ఎవరూ చూడలేరు. మనకు కనిపించేవి రెండే: తిరిగొచ్చే ఋతువు, మునుపటిలా తిరిగిరాని మనిషి. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే చాలు, కాలం అనే మాట రాయకుండానే కాలం కనిపిస్తుంది. భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది, ఋతువులు వచ్చేది ఆ ఒరుగు వల్లే. ఒక మనిషి బతికే కాలంలో ఆ ఒరుగు చెప్పుకోదగ్గంతగా మారదు. అందుకే డిసెంబరు 21 నాడు మధ్యాహ్నపు ఎండ నీ గదిలో గచ్చు మీద ఎక్కడిదాకా వస్తుందో, నీ చిన్నప్పుడూ అక్కడిదాకానే వచ్చింది. పిల్లలు ఎంత పెరిగారో చూడ్డానికి గోడ మీద గీతలు గీస్తాం కదా. గోడ కదలదు కాబట్టే పిల్లవాడు పెరిగినట్టు తెలుస్తుంది. నీకు ఋతువు ఆ గోడ. నువ్వు గోడను వర్ణిస్తూ కూర్చున్నావు.

మా అమ్మ సంగతి ఒకటి చెప్తాను. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి కిందుగా ప్రయాణిస్తాడు కాబట్టి, వేసవిలో దక్షిణపు కిటికీ అంచు దాటని ఎండ చలికాలంలో గది లోపలిదాకా వస్తుంది. ఆ ఎండలో అమ్మ కుర్చీ వేసుకుని కుట్టుపని చేసుకునేది. సూర్యుడు పడమటికి పోయేకొద్దీ నేల మీది ఎండ తూర్పుకు జరుగుతుంది. అమ్మ కాస్త పైకి లేచి, ఒక చేత్తో కుర్చీ అంచు పట్టుకుని, ఎండతోపాటు జరిపేది. ఒళ్లో ఉన్న బట్ట జారేది కాదు, సూది ఆగేది కాదు. కుర్చీ కాళ్లు నేల మీద గీసిన చప్పుడు బట్టి పక్క గదిలోంచే టైమ్ ఎంతయిందో చెప్పేవాళ్లం. తర్వాత్తర్వాత ఆ చప్పుడు తగ్గింది. ఎండ ముందుకు వెళ్లిపోయినా అమ్మ నీడలోనే కాసేపు కూర్చుని, అటుగా ఎవరైనా వస్తే "కాస్త జరుపు" అనేది. ఇంకొన్ని చలికాలాలు గడిచాక ఆ మాట అనడం కూడా మానేసింది. మా తమ్ముడు అటువైపు వెళ్తూ, అమ్మ కూర్చున్న కుర్చీని అలాగే ఎత్తి ఎండలో పెట్టి వెళ్లిపోయేవాడు. ఆవిడ ఒళ్లోని బట్ట సర్దుకుని మళ్లీ సూది అందుకునేది. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకునేవాళ్లు కాదు.

ఇందులో అమ్మకు వయసు మీద పడిందని నేను రాయలేదు. తమ్ముడికి అమ్మంటే ప్రాణమని కూడా రాయలేదు. ఎండ, కుర్చీ, దాన్ని జరిపే చెయ్యి. నీ ఇంట్లో ఆ కుర్చీ ఏదో నువ్వే వెతుక్కోవాలి. ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. వాన మొదలవగానే లేచేది ఎవరు, దుప్పట్లు దించేది ఎవరు, ఉక్కపోసే రాత్రి ఫ్యాను కింద చోటు ఎవరికి వదిలేస్తారు. ఋతువు మారిన మొదటి వారంలో ఇల్లు తనను తాను సర్దుకుంటుంది. అప్పుడు చూడాలి. ఒక నెల పోతే కొత్త ఏర్పాటే అలవాటైపోయి కంటికి ఆనదు.

రాసేముందు తెలుసుకోవడం కూడా అవసరం. సైన్స్ వివరాలు చేరిస్తే అనుభూతి పోతుందేమో అని నీ ఉత్తరంలో భయపడ్డావు. పోదు. మా నాన్న ఇంట్లో అందరికంటే ముందు వాన చప్పుడు వినేవారు. మంచి నిద్రలో ఉన్నా లేచి "బట్టలు తియ్యండి" అని కేకేసేవారు. పెద్దయ్యాక ఒక సాయంత్రం "ఉరిమింది గానీ వాన పడలేదే" అన్నారు, బయట సన్నగా జల్లు కురుస్తుండగా. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా తీసుకుపోయేది సన్నని శబ్దాలను, అంటే ఎక్కువ పౌనఃపున్యం ఉన్నవాటిని: పిట్టల కూతలు, మాటల్లో 'స' లాంటి హల్లులు, చినుకుల సవ్వడి. ఉరుములాంటి బరువైన శబ్దం చాలాకాలం నిలుస్తుంది. ఇది తెలిశాక ఆ సాయంత్రం నాకు ఇంకా దగ్గరయింది. ఆయనకు వాన మొత్తం పోలేదు, అందులో మెత్తని భాగం పోయింది. ఈ వివరం తెలియకపోతే "నాన్నకు చెవుడు వచ్చింది" అని రాసి వదిలేసేదాన్ని.

అలాగని తెలిసిన ప్రతిదాన్నీ ఉపమానం చెయ్యకు. ఆకు పచ్చదనం తగ్గినప్పుడు కనిపించే పసుపు కొత్తగా పుట్టింది కాదు, మొదటి నుంచీ ఆకులోనే ఉంటుంది. పత్రహరితం విరిగిపోయాక బయటపడుతుంది. ఇది చదవగానే దీన్ని తీసుకెళ్లి మీ తాతయ్యకు అంటించాలనిపిస్తుంది. అంటించకు. ఆకును ఆకులా ఉండనివ్వు.

ఇంకో మాట. నీ వ్యాసంలో ఆకులు ఎర్రగా మారి రాలుతున్నాయి. నువ్వుండే చోట చెట్లు నిజంగా అలా ఎర్రబడతాయా? చలి దేశాల్లో ఋతువులు ఒక రకం, భూమధ్యరేఖ దగ్గర ఇంకో రకం. అక్కడ చాలాచోట్ల వానలున్న నెలలు, లేని నెలలు, అంతే. సినిమాల్లో చూసిన ఋతువు మనది కాదు. నీ కిటికీ బయట ఏముందో అదే రాయి, అది ఎంత మామూలుగా ఉన్నా సరే. తడిసిన మట్టి వాసన గురించి కూడా నీకు చెప్పాలి. 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే శాస్త్రవేత్తలు ఆ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. అప్పటికే కవులు దాన్ని ఎంత వాడారో లెక్కలేదు. ఆ వాసన రాస్తే అది ఎవరిని ఏ పని నుంచి లేపిందో రాయి, లేకపోతే వదిలెయ్.

పెద్దవాళ్లు "మా రోజుల్లో ఈపాటికి వానలు పడేవి" అంటే దాన్ని చాదస్తం కింద కొట్టెయ్యకు. ఎండ వాలు మారదు గానీ వాతావరణం మారుతోంది. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూలు విరగబూసే రోజుల రికార్డు 1,200 ఏళ్లకు పైగా వెనక్కి వెళ్తుంది. 2021లో మార్చి 26కే విరగబూశాయి, అప్పటిదాకా ఉన్న రికార్డులో అంత తొందరగా ఎప్పుడూ పూయలేదు. కాబట్టి మీ అమ్మమ్మ చెప్పే వాన నెల నిజంగానే ముందుకో వెనక్కో జరిగిపోయి ఉండొచ్చు. ఆవిడ మాట రాసుకో, తేదీ అడుగు.

తేదీల దగ్గర నేను పట్టుదలగా ఉంటాను. ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే ఆయన 1736లో వసంతం వచ్చే ఆనవాళ్లను తేదీలతో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఏ చెట్టు ఎప్పుడు ఆకు వేసింది, కప్పలు ఎప్పుడు అరిచాయి, కక్కూ పిట్ట ఎప్పుడు కూసింది. ఆయన పోయాక ఆ ఇంటివాళ్లే, మధ్యలో కొంతకాలం ఆగినా, తరాల పాటు 1958 దాకా రాస్తూ వచ్చారు. ఇవాళ వాతావరణ మార్పును చదివేవాళ్లకు ఆ లెక్కలు పనికొస్తున్నాయి. నాకు మాత్రం వాటిలో చెట్లకంటే ఆ ఇల్లే ఎక్కువ కనిపిస్తుంది. ఒకరు చివరిసారి కప్ప కూత రాశారు, మరుసటి వసంతంలో ఆ కలం ఇంకొకరి చేతిలో ఉంది. ఏడుపుల గురించి ఒక్క మాట లేకుండా ఒక కుటుంబం కథ అందులో ఉంది.

నువ్వూ ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఫోన్లో రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. అదే రాత్రి రాసుకోవడం ముఖ్యం. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన మీదే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్న దాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే చేజారుతుందని చూపాడు. మనకు మిగిలేది సారాంశం. "అమ్మ ఆ రోజు నీరసంగా ఉంది" అనేది గుర్తుంటుంది, గ్లాసు రెండు చేతులతో పట్టుకుందన్నది గుర్తుండదు. ఆ రెండు చేతులే కావాలి నీకు.

ఏళ్లు గడిచేకొద్దీ కాలం తొందరగా పోతున్నట్టు ఎందుకుంటుందో 1890లోనే విలియం జేమ్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు. చిన్నప్పుడు ప్రతిరోజూ ఏదో కొత్తది జరుగుతుంది. పెద్దయ్యాక రోజులన్నీ అలవాటులో ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఏడాది ఖాళీగా తోస్తుంది. మన క్రియలు ఈ రెండు రకాల రోజులనూ చక్కగా పట్టుకుంటాయి. "కూర్చునేది", "జరిపేది" అని రాస్తే ఎన్నో చలికాలాలు ఒకే వాక్యంలో సర్దుకుంటాయి. ఆ వరస మధ్యలో "అన్నారు" అని రాస్తే ఒక్క సాయంత్రం విడిగా నిలబడుతుంది. నీ వ్యాసంలో అన్నీ "చేసింది", "వెళ్లింది", "నవ్వింది". అందుకే ఏ రోజు మామూలు రోజో, ఏ రోజు కాదో తెలియడం లేదు. ముందు అలవాటును ఓపిగ్గా రాయి. అది తప్పిన రోజు దానంతట అదే వినిపిస్తుంది.

ఇంట్లోవాళ్లను అడిగేటప్పుడు "మీ రోజుల్లో ఎలా ఉండేది?" అని అడగకు. అలా అడిగితే ఉపన్యాసం వస్తుంది. "వాన పడుతుంటే మీ ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకునేవాళ్లు?" అని అడుగు. అప్పుడు చేతులు గాల్లో గది గీస్తాయి, మూల కురిసే చోటు గుర్తొస్తుంది, ఆ మూల పక్క వేసుకున్న మనిషి పేరు బయటికొస్తుంది. అన్నదమ్ములు ఇద్దరూ రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచు. ఎవరిది నిజమో తేల్చే పని నీకు పెట్టుకోకు, ఒకే వాన ఇద్దరికీ వేరుగా గుర్తుండటమే చదివేవాళ్లకు కావలసింది.

అన్నట్టు, మీ తాతయ్య ఇప్పుడు ఉన్నారా, లేరా? నీ వ్యాసం మొత్తంలో ఎక్కడా చెప్పలేదు. ఉంటే, అమ్మమ్మ కిటికీ వెయ్యడం చలికి. లేకపోతే అది వేరే విషయం. నువ్వు కావాలనే దాచావో, ఇంట్లో అందరికీ తెలుసు కదా అని వదిలేశావో నాకు అర్థం కాలేదు. ఇంటివాళ్ల గురించి రాసేటప్పుడు ఇది తరచూ జరుగుతుంది: మనకు మరీ బాగా తెలిసిన సంగతే కాగితం మీదికి రాదు. కిటికీ ఎందుకు వేస్తున్నావని అమ్మమ్మనే అడుగు. చెప్పకపోతే ఆవిడ చెప్పలేదని రాయి.

ఇక చివరి పేజీలో మీ పెదనాన్న రావడం మానేసిన సంగతి. నీ వ్యాసంలో అన్నిటికంటే వేడిగా వచ్చిన పేరా అదే. నువ్వు అప్పుడు చిన్నపిల్లవని, గుమ్మం దగ్గర నిలబడి ఎదురుచూశావని నాకు తెలిసింది, బాధేసింది కూడా. కానీ ఆయన మాట అందులో ఒక్కటీ లేదు. ఆయన బతికే ఉన్నారు, ఫోన్ నంబరు మీ నాన్నగారి దగ్గర ఉంటుందని నువ్వే రాశావు. ఫోన్ చెయ్యి. ఏం జరిగిందని మొదలుపెట్టకు, ఆ సెలవులకు మీ ఇంట్లో ఏం చేసేవాళ్లని అడుగు, ఆ పైన ఆయనే చెబుతారు. చెప్పింది నీకు నచ్చకపోయినా రాయి. రాయొద్దంటే ఆ పేరా తీసి పక్కన పెట్టు, మిగతా వ్యాసం నిలబడుతుంది. ఆయనతో మాట్లాడాకే నాకు రెండో ప్రతి పంపు. ఒక్క పక్కే రాసి, మార్జిన్ బాగా వదులు, నేను రాయాల్సింది చాలా ఉంటుంది.

ఆశీస్సులతో.